పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఎన్‌క్రిప్షన్: అపోహలు – వాస్తవాలు

ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుంటే దానికి తగిలించే పోర్టబుల్ హార్డ్ డిస్క్‌కూ రక్షణ ఉన్నట్టేనన్నది అన్నిటికంటే విస్తృతమైన అపోహ. ఆ పాస్‌వర్డును అడిగేది ల్యాప్‌టాప్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే కనుక, డిస్క్‌ను మరో కంప్యూటరుకు తగిలించిన మరుక్షణమే ఆధార్, పాన్ ప్రతులు, ఆస్తి దస్తావేజుల స్కాన్లు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంటాయి. 2006 మే నెలలో అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాప్‌తో పాటు ఒక హార్డ్ డిస్క్‌ను ఎత్తుకుపోయినప్పుడు, సుమారు 2.65 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు గుప్తీకరించకుండానే బయటికి పోయాయి. ఆ పరికరాలు జూన్‌లో దొరికినా, అప్పటిదాకా అంతమంది భయంతో గడపవలసి వచ్చింది.

ఫార్మాట్ చేస్తే అంతా చెరిగిపోతుందనుకోవడమూ పొరపాటే. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలోని విషయసూచికను చింపివేయడం వంటిది. లోపలి పుటలు చాలావరకు అలాగే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్ వాటినే చదువుతుంది.

ఎన్‌క్రిప్షన్, అంటే గుప్తీకరణ, సమాచారాన్ని కీ అనే రహస్య సంఖ్య సాయంతో అర్థంకాని అక్షరరాశిగా మార్చే గణిత ప్రక్రియ. నిపుణులు తలచుకుంటే దీన్ని ఇట్టే ఛేదిస్తారన్న నమ్మకం బలంగా ఉంది గానీ, 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఏఈఎస్ పద్ధతిలో 128 బిట్ల కీ వాడినా సాధ్యమయ్యే కీల సంఖ్యను రాయడానికి 39 అంకెలు కావాలి, వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించడం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు. అందుకే దొంగ కీ జోలికి పోకుండా పాస్‌వర్డును ఊహిస్తాడు. ఆ ఊహలను నెమ్మదింపజేయడానికి వెరాక్రిప్ట్ వంటి గుప్తీకరణ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డును మామూలుగా 5 లక్షల సార్లు గణిత ప్రక్రియకు గురిచేసి గానీ కీని తయారుచేయదు. అయినా పాస్‌వర్డు పుట్టిన తేదీయే అయితే, నూరేళ్ల తేదీలన్నీ కలిపినా 37 వేలకు మించవు కనుక సాఫ్ట్‌వేర్ పడే అంత శ్రమా వృథా అవుతుంది. సంబంధం లేని అయిదారు తెలుగు మాటలను గుదిగుచ్చిన పొడవాటి పాస్‌వర్డు ఇంతకంటే ఎన్నో రెట్లు మేలు.

గుప్తీకరిస్తే డిస్క్ నెమ్మదిస్తుందన్న భయం నేటి ప్రాసెసర్లలో ఏఈఎస్‌కు ప్రత్యేక ఆదేశాలే ఉన్నందువల్ల పాతబడింది.

డిస్క్ పెట్టె మీద ‘హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్’ అని ఉంటే చాలునన్న ధీమా మాత్రం నిశితంగా పరిశీలించదగినది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కొన్ని ఎస్ఎస్‌డీలను (తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో సమాచారం దాచే డ్రైవులను) పరీక్షించి, కొన్నిటిలో పాస్‌వర్డుకూ సమాచారపు కీకీ అసలు ముడే లేదని, పాస్‌వర్డు తెలియకుండానే లోపలి సమాచారాన్ని చదవవచ్చని నిరూపించారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని తన గుప్తీకరణ సాధనం బిట్‌లాకర్‌ను, డ్రైవు చెప్పే మాటను నమ్మకుండా మామూలుగా తానే గుప్తీకరించేలా మార్చింది.

గుప్తీకరించిన డిస్క్‌కు ఇక ఏ ఆపదా రాదనుకోవడం చివరి అపోహ. పాస్‌వర్డు ఇచ్చి తెరిచి ఉంచినంతసేపూ ఫైళ్లను బందీచేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కూ అది తెరిచే ఉంటుంది. డిస్క్ చెడిపోతే వేరేచోట దాచుకున్న నకలే దిక్కు. పాస్‌వర్డు మరిచిపోతే బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీ ఉండాలి, అదీ పోతే తయారీదారు సైతం తెరవలేడు. ఆ కీ అచ్చువేసిన కాగితాన్ని మడిచి డిస్క్ పౌచ్‌లోనే దాచేవారున్నారు. పౌచ్ బస్సులో మరిచిపోయిన రోజున, అది దొరికినవారికి డిస్కూ దాని తాళంచెవీ ఒకేసారి చేతికందుతాయి.