వైనతేయలో మోటారు బోటు: పోషణ, ఖర్చు

మోటారు బోటు పోషణను కిలోమీటర్లలో కాదు, ఇంజిన్ తిరిగిన గంటల్లో లెక్కగడతారు. సాధారణంగా కొత్త అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజిన్‌కు 20 గంటలు తిరగ్గానే మొదటి సర్వీసు, ఆపైన ప్రతి 100 గంటలకు ఒకటి. వంద గంటలు తిరగకపోయినా ఏడాది గడిస్తే సర్వీసు చేయించాల్సిందే. తిప్పిందే తక్కువ, దీనికి సర్వీసు ఎందుకని ఊరుకున్నవాళ్లకే రిపేరు బిల్లు పెద్దదవుతుంది.

కోనసీమలో మామిడికుదురు మండలం వైపు ఈ లెక్క ఇంకాస్త కఠినం. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ, అప్పనపల్లిని ఒరుసుకుంటూ సాగి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం పైనుంచి వచ్చే నీరు తగ్గాక పోటుతో ఉప్పునీరు పాయలోకి ఎగదన్నుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఒండ్రు కలిసిన ఎర్రనీరు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. అలాంటి రోజుల్లో అప్పనపల్లి కాజ్‌వే మునిగిపోతుంది, లంకలవాళ్లకు పడవే దిక్కు. ఒకే బోటు ఏడాదిలో కొన్నాళ్లు ఉప్పుతో, కొన్నాళ్లు బురదతో వేగాలి.

ముందు ఇంధనం సంగతి. నదిలో, సముద్రం అంచున చేపల వేటకు తిరిగే ఫైబర్ బోట్లలో ఎక్కువగా 10 హార్స్‌పవర్‌కు అటూ ఇటుగా ఉండే చిన్న డీజిల్ ఇంజిన్లే ఉంటాయి. పూర్తి లోడు మీద అలాంటిది గంటకు సుమారు రెండు లీటర్లు తాగుతుంది. 40 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డ్ పూర్తి వేగంతో పోతే గంటకు సుమారు 15 లీటర్లు; లీటరు 110 రూపాయల చొప్పున 1,650 రూపాయలు. అమెరికా సరస్సుల్లో వేక్‌బోర్డింగ్‌కు వాడే బోట్ల సంగతి వేరే. తాడు పట్టుకుని పలక మీద నిలబడ్డవారికి వెనక పెద్ద అల కావాలి. అందుకోసం బోటులోని తొట్లలోకి టన్నుకు పైగా నీళ్లు తోడి మరీ బరువెక్కిస్తారు. ఆ బరువును లాగడానికి 350 హార్స్‌పవర్, అంతకు మించిన ఇంజిన్ ఉంటుంది. గంటకు 20 నుంచి 30 లీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. అలను చిన్నది చేయడానికి అందరూ డబ్బు పెడితే, వీళ్లు పెద్దది చేయడానికి పెడతారు.

అయితే బోటును నిజంగా తినేది ఇంధనం కాదు, నీరు. అవుట్‌బోర్డ్ ఇంజిన్ తాను నడిచే నీటినే పైకి తోడుకుని చల్లబడుతుంది. ఆ తోడే పని చేసేది రబ్బరు రెక్కల చిన్న ఇంపెల్లర్. ఒండ్రు నీటిలోని సన్న ఇసుక ఆ రెక్కలను అరగదీస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా వెనకనుంచి సన్నని నీటి ధార ఒకటి చిమ్ముతుంది. ధార బలంగా ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు. పలచబడినా, ఆగి ఆగి వచ్చినా ఇంజిన్ వెంటనే ఆపాలి. దారి మూసుకుందేమో చూసి, అవసరమైతే ఇంపెల్లర్ మార్చాలి. ఈ రబ్బరు ముక్క ఖరీదు, వేడెక్కి పట్టేసిన ఇంజిన్ బిల్లు ముందు లెక్కలోకే రాదు. ఉప్పునీటిలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీటి గొట్టం తగిలించి పది నిమిషాలు ఇంజిన్ కడగాలి. అన్నిటికంటే చవకైన పని ఇదే, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే.

ఇంజిన్ కింది భాగానికి బిగించిన జింకు ముక్కలను చూసి కొందరు అవెందుకో అనుకుంటారు. ఉప్పునీరు లోహాన్ని తినేటప్పుడు ముందుగా జింకు కరిగి, అల్యూమినియం భాగాలను కాపాడుతుంది. సగం కరిగాక మార్చాలి. రంగు వేసేటప్పుడు వీటి మీద కూడా పూస్తే అవి పనిచేయవు.

కోనసీమ నీళ్లలో మరో శత్రువు తెగిన వలదారం. నైలాన్ పోగు పంకా (ప్రొపెల్లర్) ఇరుసుకు చుట్టుకుని లోపలి సీలును కోస్తుంది. బయటికి ఏమీ తెలియదు. గేర్ ఆయిల్ తీసి చూస్తే మాత్రం తెల్లగా, మజ్జిగలా ఉంటుంది. నీరు చేరిందన్నమాట. ఆ స్థితిలో ఇంకొన్నాళ్లు తిప్పితే గేర్లు పోతాయి. అందుకే నెలకోసారైనా పంకా విప్పి చుట్టుకున్న దారం తీసేయాలి. గుర్రపుడెక్క చిక్కుకున్నా, వరదలో కొట్టుకొచ్చే దుంగ తగిలినా పంకా రెక్కలు వంగిపోతాయి. అదురు మొదలైందంటే బోటు ఆపి చూడాల్సిందే.

బోటు ఒంటి విషయానికొస్తే, చెక్క నావకు పలకల సందుల్లో నూలు కూరడం, తారు పూయడం తప్పవు. ఫైబర్‌కు ఆ బాధ లేదు కానీ నీటిలోనే వదిలేస్తే అడుగున గుల్లలు పట్టి వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఒడ్డుకు లాగి గీకి, గుల్లలు పట్టని రంగు వేస్తారు. గీత పడి లోపలి పీచు కనిపించేచోట రెజిన్, మ్యాట్‌తో అతుకు వేయకపోతే నీరు పీల్చుకుని బరువెక్కుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. మత్స్యకారులు ఈ పనులన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. సొంత సరదాకు బోటు ఉన్నవారూ అదే అలవాటు చేసుకోవచ్చు.

వాడని నెలల్లో పెట్రోలును మరవకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. నిల్వ ఉంటే నీరు అడుక్కు దిగి కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. కాబట్టి బోటును కొన్నాళ్లు పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాలి. చలిదేశాల్లో ఇంజిన్‌లో మిగిలిన నీరు గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. అక్కడ ఆ నీరు తోడడానికే వేరే ఖర్చు. కోనసీమలో ఆ బెడద లేదు, ఎండ ఉంది. పందిరి లేకపోతే ఫైబర్ రంగు వెలిసి పొడి రాలుతుంది.

కాగితాల ఖర్చు వేరు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం ఇంజిన్ ఉన్న నౌకకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా కావాలి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగాక లైఫ్ జాకెట్ల వంటి వాటిని కూడా దండగ ఖర్చుగా చూడడం కుదరదు. డిండిలో హౌస్‌బోటు ఎక్కే పర్యాటకుడైనా, లంకకు వెళ్లే రైతైనా ముందు అడగాల్సింది జాకెట్టే.

మొత్తం మీద ఏడాదికి ఎంతవుతుంది? అమెరికా బోటు యజమానులు కొన్న ధరలో పదోవంతు అని ఒక మోటు లెక్క చెబుతారు. నిలిపే చోటు, బీమా, సర్వీసు అన్నీ అందులో కలిపే. ఇక్కడ రేవు అద్దె లేకపోవచ్చు, పని తెలిసిన మెకానిక్ ఊళ్లోనే ఉండొచ్చు. అప్పుడు తక్కువలోనే తేలుతుంది. పాత బోటు కొనేవారు మాత్రం రంగు చూసి బేరం ఆడకూడదు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో అడగాలి, ఎదురుగా గేర్ ఆయిల్ తీయించి చూడాలి, నీటి ధార ఎలా వస్తుందో గమనించాలి. అమ్మేవాడు ఈ మూడింటిలో దేనికి ఒప్పుకోకపోయినా ఆ బోటు వదిలేయడం మంచిది.