కాన్సులర్ యాక్సెస్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు అక్కడ కేసుల్లో చిక్కుకున్నప్పుడు వార్తల్లోకి వచ్చే పదమిది. పరాయి దేశంలో అరెస్టయిన వ్యక్తిని అతని సొంత దేశపు దౌత్యాధికారి జైల్లో కలిసి మాట్లాడటానికి, వకీలును ఏర్పాటు చేయడానికి ఉన్న హక్కే కాన్సులర్ యాక్సెస్.

దీనికి ఆధారం 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణ. భారత్ 1977లో ఇందులో చేరింది. ఈ హక్కు ఉందని నిందితుడికి ఆలస్యం చేయకుండా చెప్పాలి. అతను కోరితే కాన్సులేట్‌కు కబురు పంపాలి. పాకిస్థాన్‌లో అరెస్టయిన భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో ఆ దేశం ఈ నిబంధనను ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో తేల్చింది.

గల్ఫ్ దేశమైన యూఏఈతో భారత్‌కు 1972 నుంచి దౌత్య సంబంధాలున్నాయి. అక్కడ మన రాయబార కార్యాలయం అబుదాబీలో, కాన్సులేట్ దుబాయ్‌లో ఉన్నాయి.

అయితే తీర్పును మార్చే, శిక్షను రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కు లేదు. నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయ్ జైలు పాలైన సిరిసిల్ల జిల్లా వాసులు ఏళ్ల తరబడి శిక్ష అనుభవించారు; వారిలో కొందరు 2024లో గానీ ఇల్లు చేరలేదు. బాధిత కుటుంబం క్షమాపత్రం, అక్కడి ప్రభుత్వ క్షమాభిక్ష వంటివి వేరే దారులు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది: పాస్‌పోర్టు, వీసా నకళ్లు, కంపెనీ పేరు, జైలు వివరాలతో విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అందుకే ప్రయాణానికి ముందే ఆ నకళ్లు ఇంట్లో ఉంచాలి.