తూటా... నీళ్ల సంచీ... ఒకే ఇంటి బిడ్డలు!

సైకిల్ తొక్కే కుర్రాడి తల మీద హెల్మెట్. కొండలెక్కే అమ్మాయి వీపున నీళ్ల సంచీ. వేటగాడి తుపాకీలో తూటా. ఈ మూడింటికీ ఏమిటి సంబంధం? ఒకప్పుడు మూడింటి యజమానీ ఒక్కరే! ఆ యజమాని పేరు విస్టా ఔట్‌డోర్. పేరున్న బ్రాండ్లను దాదాపు నలభై దాకా పోగేసి, పదేళ్లు తిరగకుండానే రెండు ముక్కలైన అమెరికా కంపెనీ అది. ఉమ్మడి కుటుంబంలో పంపకాలను తలపించే దాని కథ ఇదీ...

మంగలి షాపులో తూటాలు

ఈ కుటుంబంలో అందరికన్నా పెద్ద పేరు రెమింగ్టన్. 1816లో న్యూయార్క్ రాష్ట్రంలో ఎలిఫలెట్ రెమింగ్టన్ తుపాకుల తయారీతో మొదలైంది. కానీ ఆ పెద్దాయన ఈ ఇంటికి చేరింది చాలా ఆలస్యంగా. అసలు పునాది వేసింది ఫెడరల్ కార్ట్రిడ్జ్.

1922లో మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా అనే చిన్న ఊళ్లో ఛార్లెస్ హార్న్ దాన్ని ప్రారంభించాడు. అప్పటికే పేరున్న పెద్ద కంపెనీలతో తుపాకుల దుకాణాల్లో పోటీపడటం కష్టం. అందుకే ఆయన వేరే దారి వెతుక్కున్నాడు. కిరాణా కొట్లు, మంగలి షాపుల్లో తూటాలు అమ్మించాడు! జనం రోజూ వచ్చే చోటే సరుకుంటే అమ్ముడుపోకుండా ఉంటుందా? రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి సైన్యం కోసం ఓ భారీ తూటాల కర్మాగారాన్ని నడిపే స్థాయికి ఎదిగింది ఫెడరల్.

అక్కణ్నుంచి దాని జాతకం చిత్రంగా మారింది. 1988లో పెంటైర్ అనే కంపెనీ కొనుక్కుంది. 1997లో బ్లౌంట్ చేతికి వెళ్లింది. 2001లో అలయంట్ టెక్‌సిస్టమ్స్... అంటే ఏటీకే... సొంతం చేసుకుంది. ఫ్యాక్టరీ మాత్రం అనోకా దాటలేదు. డబ్బా మీద పేరూ మారలేదు. మారిందల్లా యజమాని సంతకమే.

ఈ ఏటీకే కూడా సామాన్యమైంది కాదు. హనీవెల్ తన రక్షణ వ్యాపారాన్ని వేరుచేయగా 1990లో పుట్టిన సంస్థ. 2001లోనే థియోకోల్‌ని కూడా కొనేసింది. స్పేస్ షటిల్‌ని నింగిలోకి లేపే బూస్టర్ రాకెట్లు చేసింది ఆ థియోకోలే! 2013లో సావేజ్ తుపాకులనూ, బైనాక్యులర్లకు పేరున్న బుష్నెల్‌నూ కూడా ఏటీకే తన ఖాతాలో వేసుకుంది. ఒక చేత్తో రాకెట్లు, మరో చేత్తో వేట సామగ్రి... రెండూ ఒకే చోట ఎందుకనుకుందో ఏమో, 2015 ఫిబ్రవరిలో వేట వ్యాపారాన్ని విడదీసింది. అలా పుట్టిందే విస్టా ఔట్‌డోర్.

సాక్సులో సెలైన్ బ్యాగు

కొత్త కంపెనీ లెక్క తేలికే. వేటకెళ్లేవాడు గుడారం వేస్తాడు, వంట చేసుకుంటాడు, నీళ్లు మోసుకెళ్తాడు. వాడికి తూటా ఒక్కటే ఎందుకు అమ్మాలి? అన్నీ మనమే అమ్ముదాం అనుకుంది. వరసగా కొనడం మొదలుపెట్టింది. 2015లోనే క్యామెల్‌బ్యాక్ కోసం 41.25 కోట్ల డాలర్లు పోసింది.

క్యామెల్‌బ్యాక్ పుట్టుకే ఓ తమాషా. 1989లో టెక్సస్‌లో మండే ఎండలో వంద మైళ్ల సైకిల్ పోటీ. అందులో పాల్గొన్న మైకేల్ ఐడ్సన్ అంబులెన్స్‌లో పనిచేసే వైద్య సిబ్బందిలో ఒకడు. దాహం సంగతి ఎలా అని ఆలోచించి, సెలైన్ బ్యాగులో నీళ్లు నింపాడు. దాన్ని సాక్సులో దూర్చి చొక్కా వీపున కుట్టుకున్నాడు. గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి, నీళ్లు కారకుండా బట్టల క్లిప్పు పెట్టుకున్నాడు. చేతులు హ్యాండిల్ వదలకుండానే గుక్క గుక్కా తాగుతూ సాగిపోయాడు! ఆ ఉపాయమే ట్రెక్కింగ్ చేసేవాళ్ల నుంచి సైనికుల దాకా అందరి వీపులకూ ఎక్కింది.

2016లో సైకిల్ హెల్మెట్లు చేసే బెల్, గిరో కూడా విస్టా గూటికే వచ్చాయి. ఇల్లు నిండింది. అప్పులూ పెరిగాయి.

ఆ ఫిబ్రవరి 14

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ పాఠశాలలో కాల్పులు. పదిహేడు మంది బలయ్యారు. అమెరికా అట్టుడికింది. అందులో వాడిన తుపాకీ సావేజ్‌ది కాదు. కానీ ‘మన హెల్మెట్ డబ్బు తుపాకులు చేసే కంపెనీకి పోతోందా?’ అన్న ప్రశ్న సైకిళ్లు తొక్కేవాళ్లలో, కొండలెక్కేవాళ్లలో బయల్దేరింది. అప్పటిదాకా చాలామందికి ఆ సంగతే తెలీదు!

సీటెల్‌లో పర్వతారోహకులు 1938లో పెట్టుకున్న సహకార సంస్థ ఆర్‌ఈఐ. సభ్యుల ఒత్తిడితో మార్చి 1న అది విస్టా బ్రాండ్లకు కొత్త ఆర్డర్లు ఆపేసింది. కెనడాలోని ఎంఈసీ కూడా అదే బాట పట్టింది. తూటా కొనేవాడూ నీళ్ల సంచీ కొనేవాడూ ఒక్కడే అనుకున్న లెక్క అక్కడే తప్పింది. ఇద్దరూ అడవికే వెళ్తారు. కానీ అందరూ ఒకే పనిమీద వెళ్లరు కదా!

కొన్ని వారాల్లోనే తుపాకుల తయారీ నుంచి తప్పుకుంటామని విస్టా ప్రకటించింది. 31.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్న సావేజ్‌ని 2019లో 17 కోట్లకే వదిలించుకుంది. తూటాలను మాత్రం వదల్లేదు. పైగా 2020లో రెమింగ్టన్ దివాలా తీస్తే, దాని తూటాల వ్యాపారాన్ని ఆర్కాన్సాస్‌లోని ఫ్యాక్టరీతో సహా 8.14 కోట్ల డాలర్లకు చేజిక్కించుకుంది. కరోనా రోజుల్లో అమెరికన్లు తూటాల కోసం ఎగబడటంతో ఆ బేరం బాగానే కలిసొచ్చింది.

ఎవరి వాటా వాళ్లకి

అయినా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఎన్నాళ్లు? 2022 మేలో వేరుపడే నిర్ణయం వెలువడింది. తూటాల భాగానికి కైనెటిక్ గ్రూప్ అనీ, మిగతా సామగ్రికి రెవెలిస్ట్ అనీ పేర్లు పెట్టారు. 2023 అక్టోబరులో చెక్ దేశపు ఆయుధ సంస్థ సీఎస్‌జీ ముందుకొచ్చి తూటాల భాగానికి 191 కోట్ల డాలర్లు ఇస్తానంది.

అక్కడ మొదలైంది రగడ. అమెరికా తూటాలు విదేశీయుల చేతికా అని కొందరు రాజకీయ నాయకులు అభ్యంతరం చెప్పారు. మొత్తం కంపెనీ మాకే ఇవ్వండంటూ ఎంఎన్‌సీ క్యాపిటల్ పోటీకి దిగింది. విదేశీ పెట్టుబడులను పరిశీలించే ప్రభుత్వ కమిటీ 2024లో పచ్చజెండా ఊపింది. సీఎస్‌జీ పదేపదే ధర పెంచి, చివరికి 222.5 కోట్ల డాలర్లకు నవంబరులో బేరం ముగించింది. రెవెలిస్ట్‌ని 112.5 కోట్లకు ఎస్‌వీపీ అనే పెట్టుబడి సంస్థ తీసుకుంది. 2025 జనవరికల్లా పంపకాలు పూర్తి. విస్టా ఔట్‌డోర్ పేరు స్టాక్ మార్కెట్ నుంచి మాయమైంది.

వాటాదారులకు లాభమే. మరి అనోకా సంగతి? హార్న్ వేసిన ఆ పునాది 1988 తర్వాత అయిదో యజమానిని చూసింది. ఫెడరల్ పేరు మాత్రం డబ్బాల మీద చెక్కుచెదరలేదు. కొనేవాళ్లకు కనిపించేది ఆ పేరే. దాని వెనక ఎవరున్నారని జనం ఒక్కసారి గట్టిగా అడిగితే ఎంత పెద్ద కంపెనీ అయినా సమాధానం చెప్పుకోక తప్పదని 2018 మార్చి చెప్పింది!