గురువారం రాత్రి.. అమ్మ ఎందుకు లేచి వెళ్లేది?

గురువారం రాత్రి తొమ్మిదిన్నర. మా ఇంట్లో అది పండగ టైమ్.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైనప్పుడు నేను టెన్త్. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. అయినా నాన్నతో ఒప్పందం కుదిరింది. తొమ్మిదిన్నర దాకా పుస్తకం, తర్వాత టీవీ. నాగబాబు, రోజా జడ్జీల సీట్లలో ఉండేవారు. అనసూయ యాంకరింగ్. చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, ధనాధన్ ధన్‌రాజ్, వేణు వండర్స్.. ఒక్కో టీమ్ వస్తుంటే నేనూ నాన్నా సోఫాలో పడి పడి నవ్వేవాళ్లం. నాన్న అంతలా నవ్వడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆయనతో నాకు దోస్తీ కుదిరిందే ఆ షో వల్ల.

మరుసటి ఏడాది శుక్రవారానికి ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ కూడా వచ్చింది. వారానికి రెండు పండగలు!

ఇంజినీరింగ్ హాస్టల్‌కి వెళ్లాక టీవీ పోయి ఫోన్ వచ్చింది. షో అయిపోయాక స్కిట్లు విడివిడిగా యూట్యూబ్‌లోకి వచ్చేవి. జియో రాకముందు ఒకడు డౌన్‌లోడ్ చేస్తే ఫ్లోర్ మొత్తం షేర్ చేసుకునేది. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ఒక పక్క, హైపర్ ఆది మరో పక్క. మా రూమ్‌లో ఫ్యాన్స్ రెండు పార్టీలు. మెస్‌లో సాంబార్ మీద కూడా ఆది స్టైల్లో పంచ్‌లు పడేవి.

డబుల్ మీనింగ్ ఎక్కువని, ఆడవాళ్లని తక్కువ చేస్తున్నారని ఎవరైనా అంటే నా దగ్గర రెడీమేడ్ సమాధానం ఉండేది. ‘కామెడీని కామెడీగా చూడాలి బాస్!’

ఆ డైలాగ్ మొన్న సంక్రాంతికి నా గొంతులోనే ఆగిపోయింది.

పండక్కి ఇంటికెళ్లాను. భోజనాలయ్యాక పాత స్కిట్లు చూద్దామని ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేశా. మొగుడూ పెళ్లాల గొడవ స్కిట్ పెట్టాను. పెళ్లాం మీద పంచ్ పడగానే నాన్న పాత అలవాటు ప్రకారం వంటింటి వైపు చెయ్యి చూపించి, “అచ్చం మీ అమ్మే!” అన్నాడు. నేను పగలబడి నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. నవ్వి లేచింది.

“పాలు తోడుపెట్టాలి..”

చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ప్రతి గురువారం సరిగ్గా ఇలాంటి స్కిట్ మధ్యలోనే అమ్మకి పాలు గుర్తొచ్చేవి. ఆ రోజు మంచినీళ్ల కోసం నేనూ వెనకాలే వెళ్లా. స్టవ్ పక్కన గిన్నె మూతపెట్టి ఉంది. మూత తీస్తే పాలు అప్పటికే తోడుపెట్టేసి ఉన్నాయి.

“ఎప్పుడో పెట్టేశావుగా అమ్మా?”

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామూలుగానే అంది. “పాలకి రోజూ తోడు వేస్తున్నాగా నాన్నా. ఆ హాల్లో నాకు తోడెవరున్నార్రా?”

రాంప్రసాద్ వేసి ఉంటే ఆ పంచ్‌కి చప్పట్లు మోగిపోయేవి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక స్కిట్లు మళ్లీ చూశాను. ఈసారి ఫ్యాన్‌లా కాదు, టెస్టింగ్ చేసేవాడిలా. పన్నెండేళ్లుగా చూస్తున్నా నాకు తట్టని ఒక సంగతి తట్టింది. స్కిట్‌లో పంచ్ తినేవాడికీ వంతు వస్తుంది. సుధీర్‌ని టీమంతా ఆడుకున్నా, అతను తిరిగి ఒకటి తగిలిస్తాడు. చంద్ర స్కిట్‌లో పెళ్లాం పాత్ర మొగుణ్ని మామూలుగా ఉతకదు. అది లేడీ గెటప్ వేసిన మగాడైనా, తర్వాత వచ్చిన సత్యశ్రీ అయినా. రోహిణి, ఫైమా అయితే కౌంటర్‌తోనే స్కిట్‌ని లాగేస్తారు. పంచ్‌కి కౌంటర్.. ఆట అదే.

మా హాల్లో అమ్మకి కౌంటర్ లేదు. అక్కడ నటులిద్దరూ స్క్రిప్ట్ చదువుకుని వచ్చారు. ఇక్కడ అమ్మని ఎవరూ అడగలేదు. నాన్న పంచ్ విసిరితే నేను ప్రేక్షకుణ్ని, జడ్జిని కూడా. ప్రతిసారీ పదికి పది వేశాను. అమ్మ వేసుకోగలిగిన కౌంటర్ ఒక్కటే.. లేచి వెళ్లిపోవడం.

అలాగని షో మీద ప్రేమ పోయిందా? పోలేదు. గెటప్ శ్రీను ఒక్కో వేషంలో ఒక్కో మనిషైపోతుంటే ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తా. మాటని అటు తిప్పి ఇటు తిప్పి రాంప్రసాద్ వేసే ఆటో పంచ్‌లకి ఇప్పటికీ పడిపోతా. కానీ కొన్ని పాత ఫేవరెట్లు మళ్లీ చూస్తే నవ్వు రావట్లేదు. మనిషి రంగో, లావో తీసేస్తే అందులో జోకే మిగలట్లేదు.

వేణు వండర్స్ వేణు గుర్తున్నాడుగా? అదే వేణు యెల్దండి 2023లో ‘బలగం’ తీశాడు. ఒక చావు చుట్టూ తిరిగే కథ, అయినా నవ్వులకి లోటు లేదు. ఇంట్లో ముగ్గురం కలిసి చూశాం. నవ్వాం, చివర్లో ఏడ్చాం. సినిమా అయ్యేదాకా అమ్మకి పాలు గుర్తురాలేదు. ఆ సంగతి నాకిప్పుడు గుర్తొస్తోంది.

మర్నాడు పొద్దున నాన్నకి విషయం చెప్పా. “ఊరికే సరదాకి అన్నానురా” అన్నాడు. “నేనూ సరదాకే నవ్వాను నాన్నా” అన్నాను. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

పోయిన నెల మళ్లీ వెళ్లాను. ఈసారి రిమోట్ అమ్మ చేతిలో. మళ్లీ మొగుడూ పెళ్లాల స్కిట్టే తగిలింది. నాన్న చెయ్యి అలవాటుగా లేచింది. నా వైపు చూశాడు, దించేశాడు.

“పాలు తోడుపెట్టావా?” అన్నాడు కాసేపాగి.

“లేదు. మీరు పెట్టి రండి” అంది అమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

నాన్న లేచి వెళ్లాడు. మర్నాటికి పెరుగు బాగా పులిసిపోయింది. ముగ్గురం అదే తిన్నాం. పంచ్ వేసే చాన్స్ అమ్మకి ఇచ్చాం.