తీగ కింద అయస్కాంతం

రాక్ గిటారిస్టు పోతే ప్రపంచం ఆయన గిటారును కూడా తలచుకుంటుంది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో 45 ఏళ్లకే కన్నుమూసిన మాండొలిన్ శ్రీనివాస్‌కి వాద్యం ఏకంగా ఇంటిపేరే అయిపోయింది. కానీ ఆ వాద్యం లోపల ఉన్న యంత్రాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ గిటారులో ఉన్నదీ అదే: పికప్.

అది పుట్టింది హవాయి ద్వీపాల సంగీతం కోసం. హవాయి గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయిస్తారు. బ్యాండులో డ్రమ్ములూ బాకాలూ మోగితే దాని గొంతు వినపడేది కాదు. అమెరికాలో జార్జ్ బోషాంప్ 1931లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. రికెన్‌బ్యాకర్ కంపెనీ తయారుచేసిన ఆ గిటారుకి, ఆకారం చూసి, జనం ‘పెనం’ అని పేరు పెట్టారు. పేటెంటు మాత్రం 1937 దాకా చేతికి రాలేదు. అసలు ఇది వాద్యమేనా అని అధికారులకే అనుమానం!

పని చేసే తీరు మాత్రం 1831 నాటి ఫారడే సూత్రమే. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్నపాటి కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెంచుతుంది. నైలాన్ తీగ ఎంత ఊగినా పికప్‌కి చెవుడే.

ఈ యంత్రం పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్‌కి ఎందుకు అవసరమైంది? మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. మీటగానే ఠంగుమని, అంతలోనే ఆగిపోతుంది. ఎందుకంటే తీగలోని శక్తినంతా పైపలక లాగేసుకుని గాలిలోకి వదిలేస్తుంది. మరి కర్ణాటక సంగీతపు గమకం ఎక్కడ పలుకుతుంది? పైగా తీగను పక్కకి లాగి షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి వెళ్లాలంటే బిగువు సుమారు పావు వంతు పెరగాలి. జంట తీగలు రెండూ సరిసమానంగా బిగియకపోతే శ్రుతి చెడి గరగరమంటుంది.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి ఐదే తీగలు, అన్నీ ఒంటి తీగలు. గట్టి చెక్క శక్తిని మింగదు, చప్పుడు పెంచే పని యాంప్లిఫయర్‌ది, కాబట్టి స్వరం నిలబడుతుంది. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయించేవారు కారు. ఆయన పాడితే కుర్రాడు అదే తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. కచేరీలో కరెంటు వాద్యమా అని ముక్కు విరిచినవాళ్లున్నారు. మైకు ముందు కూర్చుని ఆ మాట అనడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది.

సరిగ్గా దీనికి ఎదురుగా నడిచినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారుతో హోరెత్తించినవాడు, భారతీయ సంగీతంతో కలిసిన ‘శక్తి’ బృందానికి వచ్చేసరికి కరెంటు లేని గిటారు పట్టాడు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు, గమకం కోసమే. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయించారు.

ఈ యంత్రానికి ఆయుష్షు ఎంత? అయస్కాంతం దశాబ్దాలు నిలుస్తుంది. శ్రీ విజయపురం (ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్) లాంటి ఉప్పుగాలి ఊళ్లో ముందు పోయేది పైనున్న ఉక్కు తీగ. తుప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పట్టి, తీగ బరువు ఎగుడుదిగుడై, నాదం మొద్దుబారుతుంది. వాయించాక పొడిబట్టతో తుడవడమే మందు. చెమ్మ లోపలికి దిగి రాగి చుట్ట తెగితే వాద్యం మూగబోతుంది. అప్పుడు అదే అయస్కాంతం మీద కొత్త తీగ చుట్టించుకోవాలి.