నిప్పులమీది కోడి

బెంగళూరు నుండి చెన్నపట్టణమునకు పోవు పెద్దదారి మన ముళబాగిలు ప్రక్కగా సాగుచున్నది. ఆ దారి వెంట నున్న భోజనశాలల పలకలపై "బార్బెక్యూ" అను మాట ఇటీవల తరచుగా కనబడుచున్నది. ఈ మాటకు తెలుగేమని మా తరగతి విద్యార్థులు మమ్ము అడిగిరి. మాటకు బదులు చెప్పుట సులభమే. కాని ఆ మాట వెనుక నున్న పనిని గూర్చి చెప్పవలసినది చాల కలదు. ఆదివారమునాడు పెరటిలో కుంపటి పెట్టి కోడిని కాల్చుకొను వేడుక మన ఇండ్లలో కూడ మొదలైనది. పైన నల్లగా మాడి, లోపల ఎముక చెంత పచ్చిగా నున్న ముక్కలను పిల్లలు ఇష్టముగా తినుట మేము చూచితిమి. ఇది రుచికి సంబంధించిన లోపము మాత్రమే కాదు.

ముందుగా మాట సంగతి. కరిబియను దీవులలోని ఆదివాసులు కొమ్మలతో మంచె వంటి చట్రము కట్టి, దాని క్రింద సన్నని నిప్పు ఉంచి, మాంసమును చేపలను నెమ్మదిగా కాల్చుకొనెడివారు. ఆ చట్రము పేరును స్పెయిను దేశస్థులు "బార్బకోవా" అని పలికిరి. అదియే ఇంగ్లీషున బార్బెక్యూ అయినది. అనగా మొదట అది వంటకమునకు పేరు కాదు, చట్రమునకు పేరు. మన దేశమున ఈ పని క్రొత్తది కాదు. చువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూల్యము, భటిత్రము అను పేర్లు అమరకోశమున కలవు. కల్యాణ చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణము కలదు. మాంసమును ముక్కలుగా కోసి, సంబారములు పట్టించి, చువ్వలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చు విధము అందు చెప్పబడినది. ఆ చక్రవర్తి రాజధాని నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము; అనగా మన రాష్ట్రములోనిదే.

ఇక తెలుగున కాల్చుట వేరు, వేచుట వేరు, మగ్గించుట వేరు. నిప్పుసెగ నేరుగా తగులునట్లు చేయుట కాల్చుట. నూనెలోనో మూకుటిలోనో చేయుట వేచుట. మూతపెట్టి తన తడితోనే తన్ను ఉడుకనిచ్చుట మగ్గించుట. కన్నడమున కూడ సుడు, హురి అని కాల్చుటకును వేచుటకును వేరు మాటలు కలవు. మన జిల్లాలో బండ్లవద్ద "కబాబు" అని అమ్మునది చాలవరకు నూనెలో వేచిన కోడిముక్కయే కాని నిప్పు చూచినది కాదు. కావున ఆ పలకమీది మాటకు "నిప్పులమీది కోడి" అన్నచో సరిపోవును.

ఆ పేరులోనే పని యొక్క మొదటి సూత్రము కూడ ఉన్నది. మాంసమును కాల్చవలసినది నిప్పులమీద, మంటమీద కాదు. మంట ఒకచోట నిలువదు; గాలికి ఊగుచు ఒక ముక్కను మాడ్చి మరియొక ముక్కను విడిచిపెట్టును; మసి కూడ అంటించును. నిప్పుకణికల సెగ యట్లు కాదు. అది అన్ని వైపులకు సమముగా ప్రసరించును, చాలసేపు నిలుచును. సర్కారు తుమ్మ, చింత, మామిడి బొగ్గులు ఇందుకు మంచివి. నీలగిరి కట్టె మన జిల్లాలో విరివిగా దొరకును గాని దాని నూనె వాసన మాంసమునకు పట్టును. బొగ్గులు అంటుకొనిన వెంటనే తొందరపడక, వాటిపై తెల్లని బూడిద పొర కమ్మువరకు వేచియుండవలెను. ఇందుకు సుమారు 25 నిమిషములు పట్టును. ఆకలితో నున్న ఇంటివారికి ఈ 25 నిమిషములే కష్టము. తక్కిన పనియంతయు సులభమే. మాంసము పెట్టబోవు ఎత్తున అరచేతిని చాచి చూడవలెను. నాలుగైదు లెక్కించువరకు చేయి నిలిపి ఉంచగలిగినచో సెగ సరిగా నున్నది. రెండు లెక్కించులోపలనే చేయి వెనుకకు వచ్చినచో సెగ మిక్కిలి అధికము.

కొవ్వు కరిగి నిప్పులపై పడినపుడు భగ్గుమని మంట లేచును. చూచుటకు అది వినోదముగా నుండును. కాని ఆ పొగలో పాలిసైక్లిక్ హైడ్రోకార్బనులను పదార్థములు పుట్టి మాంసమునకు అంటుకొనును. వీనిలో కొన్ని కాన్సరును కలిగింపగలవని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దీనికి విరుగుడు చాల సామాన్యమైనది. నిప్పులను కుంపటిలో ఒక ప్రక్కకే త్రోసి, రెండవ ప్రక్కను ఖాళీగా నుంచవలెను. ముక్కలను మొదట ఖాళీ ప్రక్కన, మూత బోర్లించి, లోపలివరకు ఉడుకనిచ్చి, చివరి కొద్ది నిమిషములు మాత్రమే నిప్పుల పైకి జరిపి ఎర్రబారనీయవలెను. ఈ ఎర్రబారుటను, దానినుండి పుట్టు కమ్మని వాసనను గూర్చి ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కామిల్ మెయార్ 1912లో వివరించెను. మాంసములోని అమైనో ఆమ్లములును చక్కెరలును సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడియందు చురుకుగా కలియుట వలన ఆ రంగు, ఆ వాసన కలుగును. నీరు 100 డిగ్రీలకే మరగిపోవును గనుక తడి ఆరువరకు మాంసము ఎర్రబారదు. ముక్కలను నిప్పుపై పెట్టుటకు ముందు పైతడిని తుడువవలెననుటకు కారణమిదియే.

ఇంతవరకు చెప్పినది చేసినను అన్ని కోళ్లును కాల్చుటకు తగినవి కావు. ఈ విషయమునందే చాలమంది పొరబడుచున్నారని మా అభిప్రాయము. అంగడిలో దొరకు బ్రాయిలరు కోడి వయస్సు ఆరు వారములకు మించదు. అది పెద్దగా తిరుగాడినది కాదు. దాని కండ మెత్తన. ఇట్టి కోళ్ల పెంపకము మన దేశమున పెద్ద పరిశ్రమగా విస్తరించుటకు ముఖ్యకారకులలో నొకరు, 1971లో వెంకటేశ్వర హాచరీస్ స్థాపించిన తెలుగువారు బండ వాసుదేవరావు గారు. నాటుకోడి సంగతి వేరు. అది నెలల తరబడి పెంటకుప్పలపై కెలకి, గోడలెక్కి, కుక్కలకు దొరకక పరుగెత్తి బ్రతికినది. పని చేసిన కండలో కొలాజెన్ అను నారవంటి పదార్థము గట్టిపడును. అది మెత్తబడి జిగురుగా మారుటకు తడి కావలెను, చాల కాలము కావలెను. పొడి నిప్పుపై పెట్టినచో కండ ముడుచుకొని తోలువలె నగును. బెంగళూరు పశువైద్య కళాశాల రూపొందించిన గిరిరాజ, హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ జాతులు ఈ రెంటికిని నడుమ నుండును; లేతవైనచో కాల్చవచ్చును, ముదిరినచో ఉడికింపవలెను. మన అవ్వలు నాటుకోడిని పులుసుగానే వండుట చేతగానితనము కాదు. ఆ పక్షికి తగిన వంట అదియే.

బ్రాయిలరు కోడిని కాల్చదలచినవారికి ఒక సులభమైన పద్ధతి చెప్పుదుము. ఒక కిలో తొడముక్కలకు ఎముక తగులునట్లు రెండు మూడు గాట్లు పెట్టవలెను. పలుచని బట్టలో వ్రేలాడగట్టి నీరు దించిన పెరుగు 150 గ్రాములు, అల్లము వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, పసుపు అర చెంచా, ఉప్పు రెండు చిన్న చెంచాలు, ఒక నిమ్మపండు రసము, కొంచెము వేరుసెనగ నూనె కలిపి ముక్కలకు పట్టించవలెను. పెరుగులోని పులుపు పైకండను మెత్తబరచును. పచ్చిబొప్పాయి ముద్ద ఒక చెంచా చేర్చినచో అందలి పపెయిన్ ఇంకను త్వరగా ఆ పని చేయును. ఎక్కువైనచో మాంసము పిండివలె నగును. నాలుగు గంటలు చల్లనిపెట్టెలో నుంచి, పైతడిని తుడిచి, పైన చెప్పినట్లు రెండు సెగలపై కాల్చినచో 40 నిమిషములలో సిద్ధమగును.

రంగు కొరకు పొట్లములలోని పొడి వాడరాదు. కర్ణాటక ప్రభుత్వము 2024 జూన్ నెలలో కబాబులలో కృత్రిమపు రంగులు కలుపుటను నిషేధించెను. అంతకుముందు పరీక్షించిన 39 కబాబు నమూనాలలో 8 సురక్షితము కానివని తేలినది. మన రాష్ట్రమున పండు బ్యాడగి మిరపకాయలకు కారము తక్కువ, ఎరుపు ఎక్కువ. పన్నెండు కాయలను వేడినీట నానబెట్టి నూరి చేర్చినచో ఏ పొడియు ఈయజాలని రంగు వచ్చును.

కోడి ఉడికినదో లేదో రంగును చూచి చెప్పుట తగదు. పచ్చి కోడిమాంసమున సాల్మొనెల్లా, కాంపైలోబాక్టరు అను సూక్ష్మజీవులు ఉండవచ్చును. ఇవి వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించును. చిన్నపిల్లలను వృద్ధులను మిక్కిలి బాధించును. ముక్క నట్టనడుమ వేడి 74 డిగ్రీలకు చేరినచో ఇవి నశించును. అందుకు తగిన ఉష్ణమాపకము నేడు చవకగా దొరకుచున్నది. అది లేనివారు తొడ కీలువద్ద ఎముక వరకు కోసి చూడవలెను. కండలో పచ్చిదనము మిగిలియున్నను, ఎర్రని నీరు కారినను మరల ఖాళీ ప్రక్కన పెట్టవలెను. పచ్చి కోడిని ధారగా పడు కుళాయి క్రింద కడుగరాదు. ఆ తుంపరలు ప్రక్కనున్న కూరగాయలపైనను పళ్ళెములపైనను పడును. కడుగక తప్పదనువారు గిన్నెలో నీరు పోసి నెమ్మదిగా కడిగి, పిదప చేతులను, గిన్నెను, కత్తిపీటను సబ్బుతో తోమవలెను. పచ్చిమాంసము నుంచిన పళ్ళెములోనే కాల్చిన మాంసమును వడ్డించుట మరియొక ప్రమాదము. ఇది వేడుకల తొందరలో తరచుగా జరుగును.

ఇంతకంటె భయంకరమైనది కుంపటి. మన కోలారు జిల్లాలో డిసెంబరు, జనవరి మాసముల రాత్రులు చలిగా నుండును. వంట ముగిసిన పిదప ఇంకను కణకణలాడుచున్న కుంపటిని వెచ్చదనము కొరకు గదిలోనికి తెచ్చి, తలుపులు మూసి నిద్రించువారు కలరు. బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మొదట తలనొప్పి, మగత, పిదప లేవలేకపోవుట, నిద్రించువారు మేల్కొనకయే మరణింతురు. పొగ కనబడుట లేదు గదా యని ధైర్యపడరాదు. కుంపటి నెలవు ఆరుబయటనే. పని ముగిసిన వెంటనే నిప్పులపై నీరు చల్లి పూర్తిగా ఆర్పవలెను. పెద్దలు మరచినచో మీరైనను గుర్తుచేయుడు. ఈ విషయమున మాత్రము పిల్లలు పెద్దలకు చెప్పుట తప్పు కాదు.

ఇక నాటుకోడి. మన పల్లెలలో దీనికి కూడ కాల్చుట కలదు గాని అది వంట కాదు, వంటకు ముందు పని. ఈకలు పెరికిన పిదప ఎండుగడ్డి మంటపైనో, ఎండిన కొబ్బరిమట్టల మంటపైనో కోడిని త్రిప్పి నూగు కాల్చుదురు. ఇచ్చట నిప్పు పనికిరాదు, మంటయే కావలెను. నూగు క్షణములో పోవలెను గాని లోపలికి వేడి చేరరాదు. పిదప పసుపు పూసి రుద్ది కడిగి ముక్కలు కోయుదురు. చర్మమునకు పట్టిన ఆ సన్నని పొగవాసన కూరకు వచ్చును. అంగడిలో చర్మము ఒలిపించి తెచ్చుకొనువారికి ఆ వాసన దొరకదు.

ఒక కిలో నాటుకోడి ముక్కలను నూనెలో రెండు ఉల్లిగడ్డల తరుగుతో ఎర్రబారువరకు వేచవలెను. నీరు పోసిన తరువాత ఎర్రబారుట ఉండదని పైననే చెప్పితిమి. ధనియాలు మూడు చెంచాలు, ఎండుమిరపకాయలు పది, నాలుగు లవంగములు, చిన్న చెక్కముక్క, అల్లము, వెల్లుల్లి, పిడికెడు పచ్చికొబ్బరి, రెండు చెంచాల పుట్నాలపప్పు నూరి, ఒకటిన్నర లీటరు నీటితో చేర్చవలెను. ముళబాగిలు సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ప్రతి 300 మీటర్లకు నీరు మరగు వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గును గనుక ఇచ్చట నీరు 97 డిగ్రీలకే మరగును. సముద్రతీరమున నుండువారి కంటె మన కోడి ఉడుకుటకు కొంత ఎక్కువసేపు పట్టుటకు ఇదియు నొక కారణము. తెరచిన కుండలో గంటన్నర పట్టవచ్చును. డెనిస్ పపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో ఎముకలను మెత్తబరచుటకు ఆవిరిని బంధించు పాత్రను నిర్మించెను. దాని సంతతియే మన వంటింటి కుక్కరు. అందు వేడి 120 డిగ్రీల వరకు పోవును గనుక అరగంటలో పని ముగియును.

దీనికి తోడు సంగటి. మేము శిక్షణ పొందిన చిత్తూరు సీమలో బియ్యము ఉడికించి అందు రాగిపిండి కలిపి సంగటి చేయుదురు. మన కోలారు ప్రాంతమున కేవలము రాగిపిండితోనే ముద్ద కట్టుదురు. ఒక గిన్నె పిండికి రెండు గిన్నెల నీరు మరగించి, పిండి కుప్పగా పోసి, కదపక అయిదు నిమిషములు ఉడుకనిచ్చి, పిదప కట్టెతో గెలికి, తడిచేతితో ముద్ద చేయవలెను. ఈ ముద్దను నమలరు. చిన్న ఉండగా చేసి పులుసున ముంచి మ్రింగుదురు. మన ఊరి కోడిపులుసు చిత్తూరువారి పులుసు కంటె పలుచగా నుండుటకు కారణమిదియే. పులుసు చిక్కగా నున్నచో ముద్ద గొంతు దిగదు.