రోహిణి కార్తెలో నరాల గోడు

1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడికి ఒక వింత కనబడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) ఉన్న రోగుల్లో కొందరికి కాస్త దూరం నడిచేసరికి చూపు మసకబారుతోంది. కాసేపు కూర్చుంటే మళ్లీ తేటపడుతోంది. నడక శ్రమే కారణమని ఆయన రాసిపెట్టాడు. అసలు కారణం శ్రమ కాదనీ, శ్రమతో పుట్టే ఒంటివేడి అనీ తేలడానికి దశాబ్దాలు పట్టింది. తేలాక డాక్టర్లు దాన్నే పరీక్షగా మార్చుకున్నారు. అనుమానం ఉన్న మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, చూపు తగ్గుతుందా, కాళ్లు తేలిపోతాయా అని చూసేవారు. ఎమ్మారై స్కాన్ వచ్చాక ఆ మొరటు పద్ధతి మూలపడింది.

వేడికీ నరానికీ ఏమిటి వైరం? దీనికి మన పంట కాలువే మంచి పోలిక. నరపు తంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కాలువకు వేసిన సిమెంటు లైనింగ్ లాంటిదది. ఎమ్మెస్‌లో శరీర రక్షణ వ్యవస్థే పొరబడి ఆ లైనింగ్‌ను అక్కడక్కడా పెళ్లగిస్తుంది. గండి పడ్డచోట నీరు ఇంకిపోయినట్టు, పొర ఊడినచోట విద్యుత్ సంకేతం కారిపోతుంది. అయినా ఎలాగో చివరి పొలం దాకా చేరుతుంది, కానీ బొటాబొటీగా. సంకేతాన్ని ముందుకు నెట్టేవి సోడియం గేట్లు. ఒళ్లు వేడెక్కితే ఆ గేట్లు మామూలుకంటే త్వరగా మూసుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న నరంలో ప్రవాహం అవసరానికి మించి ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. బొటాబొటీ కాలువలో మాత్రం చివరి ఆయకట్టు ఎండిపోతుంది. ఇందుకు జ్వరమే రానక్కర్లేదు, ఒంటివేడి అర డిగ్రీ పెరిగినా కొందరికి చాలు.

అర డిగ్రీ అంటే వంటింట్లో స్టవ్ ముందు నిలబడి పది చపాతీలు కాల్చడం. ఆరో చపాతీకి పెనం అంచు మసగ్గా కనిపిస్తుంది. ఎనిమిదో దానికి అట్లకాడ పట్టు తప్పుతుంది. ఫ్యాను కింద అరగంట కూర్చుంటే అంతా మామూలే. చూసేవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. ఈ జబ్బు ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. అంటే ఇంటి బరువు మోసే వయసులోనే.

జబ్బు ముదరకుండా ఆపే మందుల మీద పరిశోధన భారీగా సాగుతోంది. సాగాలి కూడా. కానీ రేపు మధ్యాహ్నం గడిచేదెలా అన్న ప్రశ్నకు జవాబు వెతికే చిన్న పరిశోధనలంటే నాకు మరింత మక్కువ. చంద్రుడి మీదికి వెళ్లిన వ్యోమగాములు సూటు లోపల, సన్నని గొట్టాల్లో చన్నీళ్లు పారే బనియన్ వేసుకున్నారు. ఆ పరిజ్ఞానంతో తయారైన చల్లని కోటును నాసా తోడ్పాటుతో 84 మంది రోగుల మీద పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. చూపులో, కదలికల్లో మెరుగు కనిపించింది గానీ స్వల్పమే. నెలపాటు రోజూ గంటసేపు తొడుక్కున్నవాళ్లు మాత్రం అలసట తగ్గిందన్నారు.

ఇంతకంటే చవకైన ప్రయోగం 2018లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లది. 30 డిగ్రీల గదిలో రోగుల చేత వ్యాయామ సైకిల్ తొక్కించి, పావుగంటకోసారి ఒకనాడు ఐసులాంటి నీళ్లు, ఇంకోనాడు ఒంటివేడితో సమానమైన నీళ్లు తాగించారు. చన్నీళ్లు తాగిన రోజు ఎక్కువసేపు తొక్కగలిగారు. విశేషమేమిటంటే శరీరం లోపలి వేడి రెండు రోజులూ దాదాపు ఒకేలా పెరిగింది! నోటిలో, కడుపులో చల్లదనాన్ని పసిగట్టే నరాలే ఆ ఊరట ఇచ్చి ఉండాలి. ఆ నీళ్లు 1.5 డిగ్రీలవి. మన కుండనీళ్లు అంత చల్లనివి కావు కాబట్టి గ్లాసులో నాలుగు ఐసుముక్కలు వేసుకోక తప్పదు.

చల్లని కోటు కొనేవాళ్లు ఊరిని బట్టి ఎంచుకోవాలి. తడిపి తొడుక్కునే రకం నీరు ఆవిరైతేనే చల్లబరుస్తుంది. రామగుండం పొడి ఎండకు అది పనికొస్తుంది. విశాఖ ఉక్కపోతలో చెమటే ఆరదు, ఇక కోటేం ఆరుతుంది? అక్కడ ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ప్యాకెట్లు పెట్టుకునే రకమే దిక్కు.

ఇక ఈ జబ్బు తెచ్చే అలసట దగ్గరికొస్తే కథ తలకిందులైంది. ఏళ్ల తరబడి డాక్టర్లు రాస్తూ వచ్చిన అమాంటడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మందులను అమెరికాలో 141 మంది మీద ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడింట్లో ఏదీ ఉత్తుత్తి మాత్రను మించలేదు. మరోపక్క, ఒకప్పుడు ఈ రోగులకు వద్దే వద్దన్న వ్యాయామం మేలు చేస్తుందని 1996 నాటి యూటా (అమెరికా) అధ్యయనం నుంచీ తేలుతూనే ఉంది. వేడెక్కితే ప్రమాదమన్న భయంతో మనుషుల్ని మంచాలకు కట్టేశాం. చల్లని వేళ, కొంచెం కొంచెంగా చేస్తే చాలు.

నడకకు ఫాంప్రిడిన్ అనే మాత్ర ఉంది. పొర ఊడినచోట లీకేజీకి అడ్డుకట్ట వేస్తుంది. దాదాపు మూడో వంతు మందికే పనిచేస్తుంది. మోతాదు మించితే మూర్ఛ వచ్చే ప్రమాదముంది కాబట్టి సొంత వైద్యం పనికిరాదు. (పిట్టల్ని తోలే విషంగా ఒకప్పుడు అమ్మిన రసాయనమే ఇది.)

ఒక్క జాగ్రత్త. వేడి వల్ల తిరగబెట్టేవి పాత లక్షణాలే, చల్లబడితే పోతాయి. నరానికి కొత్త గాయమేమీ కాదు. కొత్త లక్షణం వచ్చి 24 గంటలు దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో కూడా చూపించుకోవాలి.

ఏటా మే 30 ప్రపంచ ఎమ్మెస్ దినం. మనకది రోళ్లు పగిలే రోహిణి కార్తె. మీ ఇంట్లో ఈ జబ్బున్న మనిషి ఉంటే, ఆ పూటకు వంట మీరు చేయండి.